రోడ్డు పక్కన జేసీబీని చూసి దాని చరిత్ర చదవడం ఎలా

జేసీబీ పని చేస్తుంటే ఉన్న పని ఆపుకుని నిలబడి చూడటం మనవాళ్ళకి ఎప్పట్నుంచో ఉన్న అలవాటే, 2019లో దీని మీద దేశమంతా మీమ్స్ కూడా వేసుకున్నారు. ఎలాగూ నిలబడతాం కాబట్టి ఆ పది నిమిషాల్లో ఆ మెషిన్ ఎక్కడ మొదలై ఇక్కడిదాకా ఎలా వచ్చిందో కూడా చదివేయొచ్చు, దీనికి ఇంజినీరింగ్ అక్కర్లేదు, ఎటు చూడాలో తెలిస్తే చాలు. ఎందుకంటే ఈ మెషిన్లలో పార్టులన్నీ ఒకేసారి పుట్టినవి కాదు. బకెట్‌ది ఒక కాలం, చైన్‌ది ఒక కాలం, డీజిల్ ఇంజన్‌ది ఇంకో కాలం, ఆ నల్లటి హోస్ పైపులైతే వీటన్నిటికన్నా లేటుగా వచ్చాయి.

మొదలుపెట్టే ముందు ఒక అలవాటు చేసుకోండి. ఏ మెషిన్ గురించి చదివినా, విన్నా రెండు తేదీలు రాసుకోండి, ఒకటి కనిపెట్టిన ఏడాది, రెండోది అది నిజంగా జనం మధ్యకి పనిలోకి వచ్చిన ఏడాది. చాలామంది మొదటిది రాసుకుని ఊరుకుంటారు, నా దృష్టిలో అసలు కథ ఆ రెండిటి మధ్యన ఉన్న ఖాళీలోనే ఉంటుంది. ఒక్కోసారి ఆ ఖాళీ యాభై ఏళ్ళు కూడా ఉంటుంది. మెషిన్ ఉండి కూడా ఎందుకు వాడలేదు అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే, మనిషి చౌకగా దొరికాడు.

ఇంకోటి, ఎక్కడ నిలబడాలి. చైన్ మెషిన్ అయితే, అదే మనం పొక్లెయిన్ అనో హిటాచీ అనో పిలిచేది, ఆపరేటర్ క్యాబిన్ ఎడమవైపు ఉంటుంది, కుడివైపు అతనికి బూమ్ (బకెట్‌ని మోసే పొడవాటి చెయ్యి) అడ్డం, వెనక అసలు కనపడదు. పైగా బాడీ తిరిగేటప్పుడు వెనకున్న కౌంటర్‌వెయిట్ (ముందు బూమ్ బరువుకి సరితూగేలా పెట్టిన ఇనప దిమ్మ) కూడా చుట్టూ తిరుగుతుంది, అది చైన్ దాటి బయటికి వస్తుంది. కాబట్టి ముందు ఎడమవైపు, ఆపరేటర్‌కి మీరు కనపడేలా, బూమ్ పూర్తిగా చాపినా అందనంత దూరంలో నిలబడండి. పిల్లల్ని తీసుకెళ్తే ఇంకా దూరం.

ముందు బకెట్ చూడండి

బకెట్ నోరు ఎటు ఉందో చూడండి. మన దగ్గర కనిపించే వాటిలో ఎక్కువ శాతం నోరు ఆపరేటర్ వైపే ఉంటుంది, అంటే బకెట్‌ని దూరంగా పెట్టి తన వైపు లాక్కుంటాడు, తను నిలబడ్డ మట్టం కన్నా కింద తవ్వుతాడు. కానీ ఈ మెషిన్లు మొదలైంది ఇలా కాదు. మొదట్లో నోరు బయటికి ఉండేది, ఎదురుగా ఉన్న గట్టుని కింద నుంచి పైకి గీరుకుంటూ పోయేది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో పెద్ద షవల్స్ (ఇలా ముందుకి గీరి తవ్వే మెషిన్లు) చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, అక్కడ ఇప్పటికీ ఆ పాత పద్ధతే, బకెట్ అడుగున తలుపు తెరుచుకుని డంపర్‌లోకి ఒంపుతుంది.

ఆ పద్ధతి అమెరికాలో విలియం ఓటిస్ అనే కుర్రాడిది. కుర్రాడే, ఎందుకంటే 1830ల మధ్యలో ఆవిరితో నడిచే షవల్ తయారుచేసి 1839లో పేటెంట్ తీసుకుని అదే ఏడాది 26 ఏళ్ళకే చనిపోయాడు (లిఫ్టుల మీద కనిపించే ఓటిస్ పేరు ఇతని కజిన్‌ది). రైల్వే లైను కోసం కొండలు తవ్వడానికి చేసిన మెషిన్ అది, పట్టాల మీద నడిచేది, బూమ్ సగం చుట్టే తిరిగేది. బాగానే పని చేసింది, రష్యాలో రైల్వే పనులకి కూడా కొన్ని పంపారు. అయినా పట్టుమని పది మెషిన్లు కూడా తయారవ్వలేదు. పేటెంట్ కుటుంబం చేతిలో ఉండిపోవడం ఒక కారణం, అంతకన్నా పెద్ద కారణం ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కూలీలు పార పట్టుకుని తక్కువ కూలికి సిద్ధంగా ఉండటం. స్టీమ్ షవల్ నిజంగా ఊపందుకుంది 1870లు, 80ల్లో. చూశారా, మొదటి తేదీకి రెండో తేదీకి మధ్య నలభై యాభై ఏళ్ళు.

ఇదే టైంలో మన దగ్గర ఏం జరుగుతుందో పక్కన రాసుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. ఓటిస్ పేటెంట్ తీసుకున్న ఎనిమిదేళ్ళకి 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలైంది, 1852 కల్లా అయిపోయింది. కాటన్ దొర దగ్గర అది మొత్తం మనుషులు, ఎడ్లు, పడవలు, వేల మంది కూలీలతోనే జరిగింది. తవ్వే మెషిన్ అప్పటికి ప్రపంచంలో ఉంది, గోదావరి ఒడ్డుకి రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

స్టీమ్ షవల్ రాజ్యం ఎలా ఉండేదో చూడాలంటే పనామా కాలువ ఫోటోలు వెతకండి, నెట్లో బోలెడన్ని ఉన్నాయి. అమెరికా వాళ్ళు 1904 నుంచి 1914 దాకా తవ్వారు, నూటికి పైగా షవల్స్ పెట్టారు, ఎక్కువ భాగం బ్యుసైరస్ కంపెనీవి, వాటిలో 95 టన్నులవి కూడా ఉన్నాయి. 1906లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వెళ్ళి వాటిలో ఒకదాని సీట్లో కూర్చుని ఫోటో కూడా దిగాడు. ఆ ఫోటోల్లో మీరు మెషిన్ కన్నా దాని కింద చూడండి. పట్టాలుంటాయి. మెషిన్ ఒక నాలుగడుగులు ముందుకి జరగాలంటే ముందు ఒక గుంపు కూలీలు పట్టాల ముక్కలు తెచ్చి వెయ్యాలి. లోపల ఒక డ్రైవర్, బకెట్ సంగతి చూసుకునే ఇంకొకడు, బొగ్గు వేసే ఫైర్‌మన్, బయట పట్టాలు మార్చే గుంపు, అంటే ఒక్క మెషిన్‌కి ఇంతమంది. ఇప్పుడు అదే పని ఒక ఆపరేటర్, చెట్టు కింద కూర్చున్న ఒక హెల్పర్.

తర్వాత కాళ్ళు

పట్టాలు ఎలా పోయాయో తెలియాలంటే చైన్ దగ్గరికి రండి (మెషిన్ ఆగి ఉన్నప్పుడు, ఇంజన్ ఆపాక, ఆపరేటర్‌ని అడిగి). వెనక పళ్ళ చక్రం, ముందు ఐడ్లర్ (చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే చక్రం), మధ్యలో కింద రోలర్లు, వాటి చుట్టూ ప్లేట్లు. మెషిన్ తన పట్టాలు తనే వేసుకుంటూ, దాటాక తనే ఎత్తుకుంటూ పోతుందన్నమాట, పనామాలో గుంపు చేసే పని ఇక్కడ చైన్ చేస్తుంది.

ఇది తవ్వకాల కోసం పుట్టలేదు, వ్యవసాయం కోసం పుట్టింది. కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ దగ్గర నల్లటి మెత్తటి డెల్టా నేలలు, స్టీమ్ ట్రాక్టర్లు అందులో కూరుకుపోయేవి. చక్రాలు వెడల్పు చేసుకుంటూ పోయారు, ఎంత చేసినా లాభం లేదు, చివరికి ట్రాక్టర్ కన్నా చక్రాలే వెడల్పయ్యే పరిస్థితి. బెంజమిన్ హోల్ట్ 1904 నవంబర్‌లో చక్రాలు తీసేసి చెక్క పలకల చైన్ తగిలించి నడిపి చూశాడు, నడిచింది. క్యాటర్‌పిల్లర్ అనే పేరు 1910లో ట్రేడ్‌మార్క్ చేసుకున్నాడు. 1925లో హోల్ట్ కంపెనీ, పోటీదారు బెస్ట్ కంపెనీ కలిసిపోయి ఇప్పుడు మనం చూసే క్యాటర్‌పిల్లర్ అయ్యింది. మన వరి మళ్ళలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్ ఎందుకు తగిలిస్తారో తెలిసినవాళ్ళకి హోల్ట్ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "మొట్టమొదట చైన్ కనిపెట్టింది హోల్ట్" అని ఎవరైనా రాస్తే నమ్మకండి. అంతకుముందే అమెరికాలోనే మెయిన్ రాష్ట్రంలో లంబార్డ్ అనే ఆయన దుంగలు లాగే చైన్ ఇంజన్‌కి 1901లో పేటెంట్ తీసుకున్నాడు, ఇంగ్లండ్‌లో హార్న్స్‌బీ కంపెనీ కూడా అదే రోజుల్లో చేసింది. ఈ ఫీల్డులో "మొదటిది" అనే మాట కనపడితే పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టుకోవడం మంచిది, ఎవరు అమ్మగలిగారు అన్నదే చివరికి చరిత్రలో మిగులుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. 20 టన్నుల చైన్ మెషిన్ నేల మీద పెట్టే ఒత్తిడి చదరపు సెంటీమీటర్‌కి సుమారు అర కేజీ లోపే. అందుకే చెరువు పూడికలో, మన కాలు దిగబడే చోట కూడా అది తిరుగుతుంది. అదే టైర్ల జేసీబీ దిగితే ఇరుక్కుంటుంది, దాన్ని లాగడానికి మళ్ళీ ఈ చైన్ మెషినే రావాలి. వేరేవైపు చైన్ మెషిన్ రోడ్డు మీద పోలేదు, పోతే రోడ్డూ పాడు చైనూ పాడు, ట్రెయిలర్ ఎక్కాలి. ఊళ్ళల్లో జేసీబీ గెలిచింది ఇందుకే, పొద్దున ఒక ఊళ్ళో పునాది తవ్వి మధ్యాహ్నం పక్కూళ్ళో పైప్‌లైన్ పనికి తనంతట తనే వెళ్ళిపోతుంది.

ఇప్పుడు హోస్ పైపులు, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగండి

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. బూమ్ మీదుగా పాకిన నల్లటి పైపులు, మెరిసే రాడ్లు ఉన్న సిలిండర్లు, ఇవి లేకముందు అంతా వైర్ రోప్, చైన్, డ్రమ్ము, క్లచ్. రోప్‌తో ఒక చిక్కుంది, రోప్ లాగగలదు గానీ నెట్టలేదు. బకెట్ నేలలోకి దిగాలంటే దాని సొంత బరువే దిక్కు. సిలిండర్ అలా కాదు, రెండువైపులా బలం, కిందికి అదిమిపెట్టి తవ్వుతుంది, బకెట్‌ని మణికట్టులా మడుస్తుంది. మెషిన్ ఎప్పుడైనా బకెట్‌ని నేలకి ఆనించి తనని తానే పైకి లేపుకుని బురదలోంచి బయటపడటం చూశారా, రోప్ మెషిన్‌తో ఆ పని ఊహించను కూడా ఊహించలేం.

దీన్ని చూడటం ఎలా అంటే, మెషిన్ గట్టి నేలలో తవ్వుతున్నప్పుడు బకెట్ వైపు కాకుండా చైన్ వైపు చూడండి. చైన్ ముందు భాగం కొంచెం గాల్లోకి లేస్తుంది. అంటే బకెట్ ఎంత బలంగా అదుముతుందంటే 20 టన్నుల ఒళ్ళు పైకి లేస్తోంది. ఆ బలం వచ్చేది ఆయిల్ ప్రెషర్ నుంచి, అది చదరపు సెంటీమీటర్‌కి 300 కేజీలు దాటుతుంది, కారు టైర్లో మనం కొట్టించే గాలి రెండు చిల్లర. అందుకే ఒక మాట, హోస్‌లోంచి సన్నగా ఆయిల్ చిమ్ముతుంటే చెయ్యి పెట్టి ఎక్కడా అని తడమకండి, సూది మొనంత రంధ్రం నుంచి వచ్చిన ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, వెంటనే పెద్దాసుపత్రికి పోవాల్సిన దెబ్బ అది.

మరి ఇంత మంచిది ఇంత లేటెందుకు అయ్యింది? ఆలోచన పాతదే. 1882లోనే ఇంగ్లండ్‌లో హల్ రేవు పనుల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ వాళ్ళు నీళ్ళ ప్రెషర్‌తో తవ్వే మెషిన్ వాడారు. కానీ అంత ఒత్తిడి తట్టుకునే సీళ్ళు, పంపులు, వంగే పైపులు అప్పుడు లేవు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం, ఆయుధాల కోసం అవన్నీ బాగుపడ్డాయి, యుద్ధం అయ్యాక ఒకదాని వెంట ఒకటి బయటికొచ్చాయి. 1948లో ఇటలీలో బ్రునేరి అన్నదమ్ములు, 1951లో ఫ్రాన్స్‌లో పొక్లెయిన్ కంపెనీ, 1954లో జర్మనీలో డెమాగ్ వాళ్ళ పూర్తి హైడ్రాలిక్ (అంతా ఆయిల్ ప్రెషర్‌తోనే నడిచే), చుట్టూ 360 డిగ్రీలు తిరిగే మెషిన్. ఇటలీ డిజైన్ ఫ్రాన్స్ వాళ్ళ చేతికి వెళ్ళి, అక్కడ నుంచి లైసెన్సు మీద 1961లో జపాన్‌లో మిత్సుబిషి దగ్గరికి చేరింది, 1965 కల్లా హిటాచీ సొంతంగా ఒకటి చేసేసింది. యూరప్‌లో పుట్టిన మెషిన్‌ని జపాన్ వాళ్ళు నలిపి నలిపి నిలబెట్టి మనకి అమ్మారు అనుకోవచ్చు.

జేసీబీ కథ కూడా ఇక్కడే వస్తుంది. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్, ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్‌లో 1945 అక్టోబర్‌లో ఒక చిన్న అద్దె గ్యారేజీలో సెకండ్ హ్యాండ్ వెల్డింగ్ సెట్టుతో మొదలుపెట్టాడు, మొదట చేసింది యుద్ధపు తుక్కుతో ఒక టిప్పింగ్ ట్రెయిలర్. 1953లో ట్రాక్టర్‌కి ముందు లోడర్ బకెట్, వెనక తవ్వే బకెట్ రెండూ పెట్టాడు. అప్పటికే అమెరికాలో ట్రాక్టర్ వెనక తగిలించుకునే హైడ్రాలిక్ బకెట్లు ఉన్నాయి కాబట్టి జేసీబీదే మొదటిది అని ఎవరైనా అంటే ఇక్కడ కూడా ప్రశ్న గుర్తు పెట్టుకోండి.

జేసీబీ వెనక బకెట్ తవ్వేటప్పుడు ఎంతవరకు తిరుగుతుందో గమనించండి. సగం చుట్టే. ఓటిస్ మెషిన్ కూడా సగం చుట్టే తిరిగేది. రెండిట్లోనూ కారణం దాదాపు ఒకటే, బూమ్‌ని బండి చివర నిలబెట్టారు, బండి మొత్తాన్ని తిరిగేలా చెయ్యలేదు.

ఇంజన్, ఆపరేటర్ సీటు

ఇంజన్ గురించి త్వరగా చెప్పేస్తా. ఆవిరి తర్వాత పెట్రోల్, దాని తర్వాత డీజిల్. క్యాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్ 1931లో వచ్చింది, అదే ఏడాది చివర్లో బూడిద రంగు మానేసి పసుపు వేశారు. అందుకని పాత ఫోటోలో బూడిద రంగు క్యాట్ కనపడితే అంతకన్నా ముందుది అనుకోవచ్చు, రంగు మార్చేసి ఉండకపోతే. పాత డీజిల్ డోజర్లలో (ముందు రేకుతో మట్టి నెట్టే మెషిన్లు) ఒక సరదా ఉంది, పెద్ద ఇంజన్ స్టార్ట్ అవ్వడానికి పక్కనే ఒక చిన్న పెట్రోల్ ఇంజన్ ఉండేది, ముందు దాన్ని స్టార్ట్ చేసి దానితో దీన్ని తిప్పేవాళ్ళు. ఎక్కడైనా పాత డోజర్ తుక్కులో పడి ఉంటే పెద్ద ఇంజన్ పక్కన ఆ చిన్నది ఉందా లేదా చూడండి, ఉంటే దాని వయసు మీకు చాలావరకు తెలిసిపోయినట్టే.

సీటు దగ్గర చూడాల్సింది లీవర్లు. పొడుగ్గా నేల నుంచి లేచిన ఇనప లీవర్లు వరసగా ఉంటే అది పాత తరం, అవి నేరుగా వాల్వుల్ని కదిలిస్తాయి, రోజంతా లాగితే భుజాలు పట్టేస్తాయి. సీటుకి అటూ ఇటూ రెండు పొట్టి జాయ్‌స్టిక్‌లు ఉంటే పైలట్ కంట్రోల్, అంటే వాల్వుల్ని మన బలం కాకుండా ఆయిలే కదిలిస్తుంది, వేలితో కదిపితే చాలు. ఈ మార్పు గురించి పుస్తకాల్లో పెద్దగా ఉండదు గానీ సీనియర్ ఆపరేటర్‌ని అడిగితే గంట చెప్తాడు.

అడగడం కూడా ఒక పద్ధతిగా అడగాలి. పని మధ్యలో చెయ్యి ఊపి ఆపకండి, గంటల లెక్క బాడుగ నడుస్తుంటుంది, ఓనర్ పక్కనే ఉంటాడు. టీకి దిగినప్పుడు వెళ్ళి "అన్నా, మీరు ఏ మెషిన్ మీద నేర్చుకున్నారు" అని మొదలుపెట్టండి. ఈ ఒక్క ప్రశ్నకి మెషిన్ చరిత్ర మొత్తం బయటికొస్తుంది, ఎందుకంటే చాలామంది హెల్పర్‌గా చేరి గ్రీజు కొడుతూ, పిన్నులు బుష్షులు మారుస్తూ, ఆపరేటర్ అన్నం తినేటప్పుడు సీటెక్కి నేర్చుకున్నవాళ్ళే, వాళ్ళ గురువు ఏ మెషిన్ నడిపాడో, ఆయన ఏ డ్యాం మీద పని చేశాడో అన్నీ చెప్తారు. మైలేజ్ ఎంత, జీతం ఎంత అని మొదలెట్టారా ఇంక మాట్లాడరు.

ప్లేటు చదవడం

బాడీ మీద ఒక చిన్న రేకు ప్లేటు ఉంటుంది, క్యాబిన్ కిందో బూమ్ మొదట్లోనో. మోడల్, సీరియల్ నంబర్, బరువు, ఇంజన్ పవర్, చాలావాటి మీద తయారైన ఏడాది. ఫోటో తీసుకోండి. ప్లేటు అరిగిపోతే క్యాబిన్ అద్దం మూలన ఉన్న గుర్తులు, హోస్ పైపుల మీద వేసిన తేదీలు చూడొచ్చు, కాకపోతే అద్దం పగిలి మార్చి ఉండొచ్చు, హోసులు ఎలాగూ మారుస్తూనే ఉంటారు, కాబట్టి అవి రుజువు కాదు, ఆనవాలు మాత్రమే. మెషిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపించే అవర్ మీటర్ని అసలు నమ్మకండి, సెకండ్ హ్యాండ్ బజార్లో దాని సంగతి అందరికీ తెలిసిందే. కొత్త పెయింట్ చూసి కూడా మోసపోవద్దు, బకెట్ పిన్నుల దగ్గర ఎంత ఊగుతుందో చూస్తే అసలు వయసు తెలుస్తుంది.

టైర్ల మెషిన్‌కి నంబర్ ప్లేట్ ఉంటుంది కాబట్టి రిజిస్ట్రేషన్ ఏడాది పట్టుకోవడం తేలిక. పొగ రూల్స్ స్టిక్కర్ కూడా పనికొస్తుంది, టైర్ల మెషిన్లకి సీఈవీ (నిర్మాణ పనుల బండ్లు) స్టేజ్ 4 అని 2021 ఏప్రిల్ నుంచి, స్టేజ్ 5 అని 2025 జనవరి నుంచి వచ్చింది.

మన ఊరి లెక్క రాయడం

ఇక్కడిదాకా ప్రపంచం సంగతి. అసలు కష్టమైనది, ఎవరూ రాయనిది మన ప్రాంతం సంగతి. దీనికి ముందు కొన్ని మేకులు దిగ్గొట్టుకోండి, మిగతావి వాటికి తగిలించుకోవచ్చు. యుద్ధం అయ్యాక అమెరికా ఆర్మీ వదిలేసి పోయిన డోజర్లు, ట్రాక్టర్లతో కేంద్రం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అని పెట్టి మధ్య భారతంలో కలుపు పట్టిన భూములు దున్నించింది. 1964లో బీఈఎంఎల్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో డోజర్లు తయారయ్యాయి. 1970లలో ఎల్ అండ్ టీ వాళ్ళు ఫ్రాన్స్ పొక్లెయిన్ లైసెన్సుతో ఇక్కడే ఎక్స్‌కవేటర్లు చేశారు, మనం ఏ కంపెనీ చైన్ మెషిన్‌నైనా పొక్లెయిన్ అనడం అక్కడ్నుంచే. 1979లో ఎస్కార్ట్స్‌తో కలిసి జేసీబీ బల్లబ్‌గఢ్‌లో మొదలైంది. 80ల మధ్యలో టాటాలు హిటాచీతో చేతులు కలిపారు.

మెషిన్ వచ్చింది సరే, వాడాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం వేరే. దీనికి నాగార్జునసాగర్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. అదే రోజుల్లో ఉత్తరాన భాక్రా డ్యాంని స్లోకమ్ అనే అమెరికన్ ఇంజినీర్‌ని పెట్టుకుని కన్వేయర్లు, క్రేన్లు, కాంక్రీటుతో కట్టారు. సాగర్‌కి 1955లో పునాది రాయి వేశారు, 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు, దాన్ని మాత్రం రాతి కట్టడంగా మనుషుల చేతుల మీదుగా లేపారు. విదేశీ మారకం లేదు, సిమెంటు పొదుపు చెయ్యాలి, పని కావాల్సిన జనం లక్షల్లో ఉన్నారు, అందుకని కావాలనే అలా ఎంచుకున్నారు. సరుగుడు కర్రల పరంజా మీద నుంచి నెత్తిన రాళ్ళు మోసుకెళ్ళే బారుల ఫోటోలు ఉంటాయి చూడండి. దాన్ని వెనకబాటుతనం అని రాసేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను, ఉన్న డబ్బుకి ఉన్న మనుషులకి అది తెలివైన లెక్కే. ఆ లెక్కకి ఆ మనుషులు ఎంత కట్టారన్నది వేరే విషయం, దాన్ని కూడా రాయాలి.

అందుకే మీ ఊరి పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు మెషిన్ గురించి కాకుండా మట్టిపని గురించి అడగండి. పాలమూరు వైపు అయితే ప్రతి ఊళ్ళో దొరుకుతారు, గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశంలో ఎక్కడ డ్యాం కడితే అక్కడికి వెళ్ళినవాళ్ళు. లెక్క జంటకి ఉండేది, మొగుడు గడ్డపారతో తవ్వితే పెళ్ళాం తట్ట మోసేది. వడ్డెరలు, ఉప్పరులు ఉన్న వాడల్లో కూడా అడగండి, చెరువు కట్టల పని చాలాచోట్ల వాళ్ళదే. పని ఎలా కొలిచేవాళ్ళో తప్పకుండా అడగండి. తవ్విన గుంత మధ్యలో కొంచెం మట్టిని తవ్వకుండా దిమ్మెలా నిలబెట్టి వదిలేసేవాళ్ళు, పైన గడ్డి కూడా అలాగే ఉండాలి, కొలతలకి వచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టర్ ఆ దిమ్మె ఎత్తు టేపు పెట్టి చూసి లోతు రాసుకునేవాడు. దిమ్మె మీద మట్టి తెచ్చి పోసి ఎత్తు పెంచడం, అది పట్టుకోవడం, దీని మీద ఎన్ని కథలుంటాయో. మెషిన్ వచ్చాక ఆ దిమ్మె పోయింది, లెక్క గంటల్లోకి, టిప్పర్ ట్రిప్పుల్లోకి మారింది.

తర్వాత అడగాల్సింది "మొదటిసారి డోజరో పొక్లెయినో మన ఊరికి ఏ పనికి వచ్చింది, అప్పుడు మీరేం చేశారు". ఏడాది గుర్తుండదు ఎవరికీ, ఏ ఎన్నికలప్పుడు, ఏ తుఫానప్పుడు, ఎవరి పెళ్ళికి ముందు అని అడిగితే వస్తుంది. 1977 దివిసీమ ఉప్పెన, ఎన్టీఆర్ గెలిచిన 1983, ఇలాంటివి బాగా పనికొస్తాయి. రెండు మూడు నోళ్ళ నుంచి విని సరిపోల్చుకోండి.

ఈమధ్యవి కూడా వదలొద్దు. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు కూలీల పనిని వీలైనంతవరకు మెషిన్‌తో చెయ్యకూడదని అందులోనే రాశారు, రాత్రిపూట మెషిన్ పెట్టి పగలు మస్టర్లు (కూలీల హాజరు) వేశారని గొడవలు ఎన్ని ఊళ్ళల్లో జరిగాయో మీకూ తెలుసు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ వచ్చినప్పుడు పాతకాలం చేతులతో తవ్విన చెరువుల్లో పూడికని పొక్లెయిన్లు ఎత్తితే రైతులు ట్రాక్టర్లలో పొలాలకి తోలుకున్నారు. 2019 జనవరిలో పోలవరంలో ఒక్క 24 గంటల్లో 32 వేల క్యూబిక్ మీటర్లకి పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. సాగర్ కట్టిన తాత, పోలవరంలో మెషిన్ నడిపిన మనవడు ఒకే ఇంట్లో ఉండే అవకాశం ఉంది, అలాంటి ఇల్లు దొరికితే ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి కూర్చోండి, వాళ్ళని అడిగి.

చివరగా రోడ్ రోలర్. ఇది చాలామంది వదిలేస్తారు గానీ ఇండియాకి దీనితో సంబంధం మొదట్నుంచీ ఉంది. కలకత్తా మునిసిపాలిటీ ఇంజినీర్ క్లార్క్, బాతో అనే ఇంకొకాయన కలిసి 1863లోనే స్టీమ్ రోలర్‌కి బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నారు. తర్వాత ఇంగ్లండ్‌లో రోచెస్టర్ దగ్గర ఎవెలింగ్ అండ్ పోర్టర్ కంపెనీ ప్రపంచం మొత్తానికి రోలర్లు అమ్మింది. పాత ఆర్ అండ్ బీ ఆఫీసుల ఆవరణలో, మునిసిపల్ షెడ్ల వెనక మూడు చక్రాల రోలర్ తుప్పు పట్టి కనిపిస్తే పొగ్గొట్టం, బాయిలర్ ఉన్నాయేమో చూడండి, ఉంటే స్టీమ్‌ది. ముందు భాగంలో వెనక కాళ్ళ మీద లేచిన గుర్రం బొమ్మతో ఇత్తడి బిళ్ళ ఉంటే ఎవెలింగ్‌ది. ఇత్తడి కాబట్టి చాలాచోట్ల బిళ్ళ ఎప్పుడో ఊడబెరికి పట్టుకుపోయుంటారు, అప్పుడు బాయిలర్ మీద, ఇరుసు చివర్ల మీద కొట్టిన నంబర్లు వెతకండి, సున్నం గానీ సుద్దముక్క గానీ రుద్దితే అక్షరాలు తేలతాయి. ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి పర్మిషన్ తీసుకుని లోపలికి వెళ్ళండి, ఫోటోలు నాలుగువైపుల నుంచి తియ్యండి, నంబర్‌కి దగ్గరగా విడిగా ఒకటి. తుక్కు వేలం ఎప్పుడుందో కూడా ఆయన్నే అడిగి రాసుకోండి, దాన్నిబట్టి ఎంత తొందరగా పని పూర్తి చెయ్యాలో తెలుస్తుంది.